నాలుగిళ్ళ అవతలి పుట్టిల్లు

ఆషాఢమంతా పుట్టింట్లో ఉండి, శ్రావణ పాడ్యమి నాడు కీర్తి రాయచూరులోని అత్తవారిల్లు చేరింది. ఆటోలోంచి ముందు రెండు సూట్‌కేసులు దిగాయి, వాటి వెనక పాతిక కిలోల సోనామసూరి బియ్యం బస్తా దిగింది, ఆఖరికి కీర్తి దిగింది. పెళ్ళయి రెండున్నర నెలలు. అందులో ఒక నెల, కొత్తకోడలూ అత్తా ఒకే గడప దాటకూడదన్న ఆచారానికే పోయింది. ఆ నెలలో మౌనేశ్ భార్యను రెండుసార్లే చూశాడు. రెండుసార్లూ సింధనూరు బస్టాండు పక్కనున్న చిన్న హోటల్లోనే. సిరవారలో తన విత్తనాల దుకాణానికి సరుకు చూడాలని ఇంట్లో చెప్పి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని తాలింపు మరమరాలు, మిర్చి బజ్జీ తిని, ఒక్క విత్తనం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. కట్టుకున్న మొగుణ్ణి దొంగచాటుగా కలవడంలో ఇంత సంతోషం ఉంటుందని కీర్తికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అత్తవారి సందులోకి అడుగు పెట్టగానే ఆమెకు అన్నీ ముద్దొచ్చాయి. వానకు తడిసిన గుండురాళ్ళ కోటగోడ, మలుపులో ఉన్న పిండిగిర్నీ, గిర్నీలోంచి వచ్చే వెచ్చటి జొన్నపిండి వాసన, గడప మీద ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడ్డ అత్తగారు మహాదేవమ్మ. అన్నిటికంటే ఎక్కువగా తన రెండు అరచేతులు. ఆ చేతుల్లో ఎవరికీ తెలియని ఒక రహస్యం ఉంది.

ఆ రహస్యం సంగతి చెప్పాలంటే జ్యేష్ఠమాసం దాకా వెనక్కి వెళ్ళాలి. కీర్తి వాళ్ళది సింధనూరు దగ్గర కాలవ కింద వరి పండించే వలస రైతుల ఊరు, అందరూ క్యాంపు అంటారు. తాతల నాడు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మూడు పూటలా అన్నమే. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మౌనేశ్‌తో కలిసి చదివి, రబీ జొన్న సాగు మీద ఇరవై మార్కుల ప్రశ్నకు పద్దెనిమిది తెచ్చుకున్న పిల్ల. కానీ ఆ జొన్నపిండిని చేత్తో తట్టి రొట్టె చెయ్యమంటే ఏ పుస్తకమూ పనికి రాలేదు. కాపురానికి వచ్చిన నాలుగో రోజున సరదాపడి ఒక రొట్టె తట్టింది. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన మామగారు రంగప్ప దాన్ని రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది రొట్టెనా, మన జిల్లా మ్యాపా? ఇగో, గీ మూలకు లింగసూగూరు. గీడ మాన్వి. అరే, మీ సింధనూరు గూడ ఉన్నది చూడు బిడ్డా! మాడిపోయింది గనీ, ఉన్నది."

అందరూ నవ్వారు. కీర్తే అందరికంటే ఎక్కువ నవ్వింది. మహాదేవమ్మ మాత్రం నవ్వుతూనే, "పోనీ తీ. శ్రావణంల రొట్టెల పండుగ వస్తది. పదకొండిండ్లకు మన పళ్ళెం పోతది. అప్పటికి నేర్చుకుంటవ్ తీ," అంది.

ఆ మాట కీర్తి చెవిలో ఉండిపోయింది. ఇక్కడ నాగపంచమికి రెండు రోజుల ముందు ప్రతి ఇల్లూ జొన్నరొట్టెలు, నువ్వులద్దిన సజ్జరొట్టెలు గుట్టలుగా చేసి, గుత్తొంకాయ, మొలకెత్తిన గింజల కూర, గోంగూర పప్పు, పల్లీల పొడి, అవిసెల పొడి వడ్డించి, బట్ట కప్పి సందులో ఇంటింటికీ పంపుతుంది. అవతలి ఇళ్ళ పళ్ళేలు ఇవతలికి వస్తాయి. తన రొట్టె ఒక్కటైనా ఆ పదకొండు పళ్ళేల్లో ఉండాలని కీర్తి ఆ రోజే అనుకుంది. అందుకే ఆషాఢమంతా వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా రోజూ జొన్నపిండి తట్టింది.

ఇప్పుడు అదంతా చూపించే వేళ వచ్చింది. ఎర్రనీళ్ళు తిప్పి, నుదుట బొట్టు పెట్టి, మహాదేవమ్మ మొదట అన్న మాట ఇది:

"మళ్ళ ఎప్పుడు ప్రయాణం బిడ్డా?"

కీర్తి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

"ఎక్కడికండీ అత్తయ్యా?"

"ఎక్కడికేంది! మీ అన్న ఎన్నడొస్తనన్నడు?"

"అన్నయ్యా? అన్నయ్య ఎందుకొస్తాడండీ? వాడే కదా ఇప్పుడు నన్ను బస్సెక్కించింది."

మహాదేవమ్మ ముఖం ఒక్క క్షణం ఎట్లానో అయింది. "మంచిది. లోపలికి రా, ఛాయ తాగుదువు," అంటూ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు విదియ. ఇల్లంతా పంచమి వాసన. బాండీలో నువ్వులు చిటపటలాడుతున్నాయి, పల్లీలు వేగుతున్నాయి, బెల్లం పాకం పొంగుతోంది. జొన్నలు మల్లెమొగ్గల్లా పేలి పొయ్యి చుట్టూ ఎగురుతున్నాయి. కీర్తి రెండు పేలాలను గాలిలోనే నోటితో అందుకుంది, మూడోది జుట్టులో ఇరుక్కుంది. ఇంత ఆనందంలోనూ ఆమె ఒకటి గమనించింది. తను పొయ్యి దగ్గరకు వస్తే అత్తగారు ఏదో ఒక వంకతో పంపేస్తోంది. "నువ్వు గోరింట పెట్టుకో," అంటుంది. "తల దువ్వుకో, చీర ఇస్త్రీ చేసుకో," అంటుంది. మధ్య మధ్యలో అదే ప్రశ్న.

"మీ అన్న ఫోన్ జేసిండా?"

"లేదండీ."

కాసేపటికి మళ్ళీ, "ఫోన్ గిట్ల వచ్చిందా?"

"లేదు అత్తయ్యా."

సాయంత్రం ఎదురింటావిడ గుమ్మంలోంచే అరిచింది. "మహాదేవమ్మా! మీ కోడలు ఇంకా ఈడనే ఉన్నదేంది? పోలేదా?"

"పోతది, పోతది. వానకు బస్సులు లేటు నడుస్తున్నయంట," అంది మహాదేవమ్మ, ఆమె వైపు చూడకుండా.

ఉల్లిపాయలు తరుగుతున్న కీర్తి చెయ్యి ఆగింది. బస్సులు లేటని ఎవరన్నారు? అత్తగారు తనను పంపించెయ్యాలని చూస్తోంది. ఎందుకో కూడా ఆమెకు తెలిసిపోయింది. రేపే రొట్టెల పండుగ. సందులో ఆడవాళ్ళంతా కొత్తకోడలి చెయ్యి చూస్తారు. జిల్లా మ్యాపులు తట్టే కోడలు ఆ రోజున ఇంట్లో లేకపోతేనే నయం. మౌనేశ్‌తో చెబుదామా అనుకుంది. కానీ దుకాణం నుంచి తడిసి వచ్చిన వాడు ఆమె జుట్టులో ఇరుక్కున్న జొన్నపేలాన్ని తీసి తన నోట్లో వేసుకుని నవ్వుతుంటే, అతనితో అతని తల్లి మీద చాడీ చెప్పబుద్ధి కాలేదు. రేపు ఒక్క రొట్టె చేసి చూపిస్తే చాలు, అంతా సర్దుకుంటుందనుకుంది.

తెల్లవారి తొమ్మిదయ్యేసరికి రొట్టెల గుట్ట మోకాలెత్తు లేచింది. మౌనేశ్ పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయాడు. కీర్తి తలస్నానం చేసి, కొంగు నడుముకు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, కొంచెం జరగండి. నేనొక రొట్టె చేస్తాను."

"వద్దు బిడ్డా. నువ్వు పొయ్యి కాడికి రాకు. మంచి చీర కట్టుకోని తయారుగుండు. ఎవరన్న వస్తే జల్ది బయటపడొచ్చు."

కీర్తి మెల్లగా వెనక్కి తిరిగి తన గదిలోకి వచ్చింది. మంచం మీద ఒక సంచి ఉంది. అందులో తన రెండు చీరలు మడత పెట్టి ఉన్నాయి. వాటి పైన తెల్లటి బట్టలో చుట్టిన కటకటలాడే రొట్టెలు, ఒక డబ్బాలో నువ్వుల ఉండలు, ఇంకో డబ్బాలో పల్లీల పొడి. ఆఖరికి దువ్వెన కూడా పెట్టి ఉంది.

ఆ దువ్వెన చూసేసరికి కీర్తికి ఏడుపు ఆగలేదు. సంచి పట్టుకుని మళ్ళీ వంటింట్లోకి వచ్చింది.

"నన్ను పంపించెయ్యాలనుకుంటే నాతోనే చెప్పొచ్చు కదండీ, అత్తయ్యా? నిన్న కాక మొన్న వచ్చాను. మీ పళ్ళేల్లో నా రొట్టె పెట్టొద్దు, సరే. గదిలో కూర్చుంటాను, బయటికే రాను. వెళ్ళిపొమ్మనకండి."

మహాదేవమ్మ చేతిలో పిండిముద్ద అట్లాగే ఉండిపోయింది. పెనం మీద రొట్టె మాడుతోంది.

"నేను పొమ్మన్ననా? నేను?" ఆమె ముద్దను పళ్ళెంలో పడేసింది. "మొదటి పంచమికి నీ పుట్టింటోళ్ళు పిలుస్తలేరని రెండు దినాల సంది నాకు అన్నం సైస్తలేదు! ఎదురింటామెకు బస్సుల మీద అబద్ధాలు చెప్తున్న. సంచి గూడ సర్దిపెట్టిన, నీ అన్న వచ్చినంక ఒక్క నిమిషం లేటు గావద్దని. నువ్వు చూస్తె మొఖం మీద నవ్వు చెరగకుండ పేలాలు బుక్కుతున్నవ్. లోపల ఎంత ఏడుస్తున్నదో బిడ్డ, బయటికి చెప్పుకుంటలేదు అనుకున్న."

"పంచమికి పిలవడమేంటండీ?"

"ఏందంటవేంది? ఆడిబిడ్డను పంచమికి అన్నదమ్ములొచ్చి తోల్కపోరా? ఉయ్యాల గట్టరా? కొత్త పెండ్లికూతురైతె మరి..." మహాదేవమ్మ మధ్యలోనే ఆగింది. "మీ దిక్కు లేదా?"

కీర్తి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మాకు పంచమే లేదండీ. కార్తీకంలో నాగుల చవితి ఒక్కటే. పుట్టలో పాలు పోసి, చిమ్మిలి తిని ఊరుకుంటాం. ఆషాఢం అయ్యాక శ్రావణంలో కాపురానికి పంపడమే మా వాళ్ళకు తెలుసు. పంపినదాన్ని మూడో రోజుకే మళ్ళీ తీసుకెళ్ళడమంటే అన్నయ్య భయపడిపోతాడు, ఏం గొడవైందోనని!"

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి రంగప్ప గొంతు వినిపించింది. "మీ ఇద్దరి పంచాయితీ తెగిందా? పెనం మీద మాన్వి తాలూకా మాడిపోతున్నది."

మహాదేవమ్మకు నవ్వు ఆగలేదు. ఏడుస్తూనే నవ్వుతూ, పిండి చేతులతోనే కోడలి రెండు చెంపలూ పట్టుకుంది. ఆ పిండి చెంపల మీద తెల్లగా అంటుకుపోయింది.

నవ్వు తగ్గాక ఆమె ముఖం మళ్ళీ చిన్నబోయింది. "అయినా గానీ, మొదటి పంచమి. పిలుపు లేకుండ పోతె నా మనసొప్పుతలేదు బిడ్డా."

"దానికేముందండీ. ఇప్పుడే ఫోన్ చేస్తే అన్నయ్య మధ్యాహ్నానికి ఇక్కడుంటాడు."

"అడిగి పిలిపించుకుంటే అది పిలుపెట్లయితది?"

కీర్తి ఫోన్ తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నిజమే మరి. పుట్టినరోజని తనే గుర్తు చేసి మౌనేశ్ చేత మిఠాయి తెప్పించుకున్నట్టుంటుంది.

సరిగ్గా అప్పుడే, బట్ట కప్పిన పళ్ళెం పట్టుకుని కృష్ణాబాయి లోపలికి వచ్చింది. నాలుగిళ్ళ అవతల ఉండే డెబ్బై ఏళ్ళ మనిషి. నల్లటి వెర్రినువ్వులతో గురెళ్ళ పొడి, పల్లీల పొడి దంచి సందంతటికీ అమ్ముతుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడింటినీ ఒకే వాక్యంలో మాట్లాడగలదు. కీర్తి చెంపల మీద పిండి, మహాదేవమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసి, "ఏమైందే?" అంది. మహాదేవమ్మ అంతా చెప్పింది. కృష్ణాబాయి విని, తెచ్చిన పళ్ళెం తెచ్చినట్టే పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

"అయ్యో, పళ్ళెం ఇవ్వకుండానే వెళ్ళిపోయారేంటండీ? కోపమొచ్చిందా?" అంది కీర్తి.

"ఏమో. ఆమె సంగతి ఎవరికి ఎరుక," అంది మహాదేవమ్మ దిగులుగా. ఇంకో అరగంటలో సందంతా తెలిసిపోతుందని ఇద్దరికీ అనిపించింది.

గంట గడిచింది. తుంపర పడుతోంది. గడప అవతల గొడుగు మూసిన చప్పుడైంది. చూస్తే కృష్ణాబాయి. ఆకుపచ్చ పట్టుచీర, తలలో చామంతిపూలు, చేతిలో ఖాళీ సంచి. రోజుకు పదిసార్లు తలుపు తోసుకుని వచ్చే మనిషి ఇప్పుడు గడప బయటే నిలబడింది. కొత్త చుట్టంలాగా గొంతు సవరించుకుంది.

"రంగప్పన్నా, మహాదేవమ్మా, అంత మంచిదేనా? మా బిడ్డను పంచమికి తోల్కపోనీకె వచ్చిన."

మహాదేవమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసింది. 

"గట్ల జూస్తవేందే?" అంది కృష్ణాబాయి మహాదేవమ్మతో. "నా మొదటి పంచమి యాదికుండదు నీకు, అప్పటికి నువ్వింకా ఈ ఇంటికి రాలేదు. దేవసూగూరుల నా పుట్టిల్లు. ఆ ఏడు కృష్ణ పొంగి, దారి మునిగి మా అన్నలు రాలేకపోయిన్రు. నేను తలుపేసుకోని కూసున్న. నీ అత్త వచ్చి మా గడప ముందల నిలబడి, మా బిడ్డను తోల్కపోత అన్నది. ఈ ఇంటి దూలానికే ఉయ్యాల గట్టింది. మూడు దినాలు ఈడనే ఉన్న. ఇప్పుడు ఈ పోరిని నేను గాక ఎవరు తోల్కపోవాలె? అరే, పంపిస్తరా, ఉత్తగ నిలబెడ్తరా?"

రంగప్ప లేచి భుజం మీది కండువా సర్దుకుని, నిజంగానే వియ్యాలవారికి చేసినట్టు రెండు చేతులూ జోడించాడు. "లోపలికి రాండ్రి చెల్లెమ్మా. రెండు రొట్టెలు తిని, ఊట చేసి పోదురు." ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి గొంతులో ఆ మన్నన వినేసరికి కీర్తి కూడా కొంగు సర్దుకుని నిలబడింది.

కృష్ణాబాయి పీట మీద కూర్చుంది. "ఊట తర్వాత. పుట్టింటికి వచ్చే బిడ్డ ఉత్తచేతులతోని రాదు. అత్తగారింట్ల తను చేసిన రొట్టె తేవాలె. ఏం పోరీ, వస్తదా?"

కీర్తి అత్తగారి వైపు చూసింది. మహాదేవమ్మ చెక్క పీట ముందు నుంచి పక్కకు జరిగింది.

కీర్తి మరిగే నీళ్ళు పిండిలో పోసి, చెయ్యి కాలుతున్నా ఊదుకుంటూ పిసికింది. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లి, తట్టడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత దరువు కుదిరింది. టప్, టప్, టప్. కుడి అరచేయి అదుముతుంటే ఎడమ వేళ్ళు అంచును నెడుతున్నాయి. ఆషాఢం ఇరవయ్యో రోజున క్యాంపులో మొదటిసారి జరిగిన వింత మళ్ళీ జరిగింది. రొట్టె తనంతట తనే తిరగసాగింది. చేతి కింద చందమామ గుండ్రంగా తిరుగుతూ పెద్దదవుతున్నట్టు ఉంది.

మహాదేవమ్మ కళ్ళు మూసుకుని చప్పుడు వింటోంది. "తిరుగుతున్నది," అంది కృష్ణాబాయితో గుసగుసగా. తర్వాత గట్టిగా, "తిరుగుతున్నదే! ఏడ నేర్చుకున్నవ్ బిడ్డా?"

"ఆషాఢంలోనండీ, మా అమ్మ పెనం మీద. మొదటి ఇరవై రొట్టెలూ మా గేదె తింది. ఇరవై ఒకటో దానికి అది కూడా మొహం తిప్పుకుంది."

రొట్టె పెనం మీద పడింది. తడిగుడ్డతో పైన నీళ్ళద్ది, తిరగేసి, మంట మీద నిలబెట్టగానే బుస్సున పొంగింది. ఒక అంచు కొద్దిగా చీలింది. రంగప్ప మెడ చాచి చూశాడు.

"ఈసారి జిల్లా గాదు, నిండు పున్నమి. ఆ చీలిక చంద్రుని మీద కుందేలు."

అది చాలక మహాదేవమ్మ ఇంకా చెయ్యమంది. కీర్తి పన్నెండు రొట్టెలు తట్టేసరికి భుజాలు పడిపోయాయి. పదకొండు పళ్ళేల్లో ఒక్కొక్కటి పెట్టి, అత్తగారు తన చేత్తో బట్ట కప్పింది. ఎదురింటి పళ్ళెం ఆమే స్వయంగా తీసుకెళ్ళింది. "మా కోడలు చేసింది. పుట్టింటోళ్ళు వచ్చిన్రు, పోతున్నది," అని అక్కడ గట్టిగా చెప్పడం ఇక్కడికి వినబడింది. పన్నెండో రొట్టె సంచిలోకి వెళ్ళింది.

సరిగ్గా నాలుగిళ్ళు. నలభై అడుగులు కూడా ఉండవు. అయినా ఆ నలభై అడుగులకూ మహాదేవమ్మ ఒడిబియ్యం పోసింది, కీర్తి తెచ్చిన సోనామసూరి బియ్యంతోనే. రంగప్ప సంచి మోశాడు. సగం దారిలో, అంటే రెండిళ్ళు దాటాక, కీర్తి వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపింది. గడపలో నిలబడ్డ అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెయ్యి ఊపింది.

కృష్ణాబాయి కొడుకు అప్పటికే వసారా దూలానికి ఉయ్యాల కట్టి ఉంచాడు. సందులోని ఇళ్ళన్నిటి నుంచి పళ్ళేలు వచ్చి వరుసగా ఉన్నాయి. కృష్ణాబాయి ఒక్కో రొట్టె ముక్క విరిచి కీర్తి నోట్లో పెట్టి, ఎవరింటిదో ఎట్లా గుర్తుపట్టాలో చెప్పింది. నువ్వులు దట్టంగా ఉంటే గిర్నీ వాళ్ళది. ఉప్పు తగిలితే ఎదురింటావిడది. కాగితంలా పల్చగా ఉంటే మహాదేవమ్మది, అట్లాంటి చెయ్యి ఈ సందులో ఇంకొకటి లేదు. గోంగూర పుల్లదనం, గురెళ్ళ పొడి కమ్మదనం, పచ్చి ఉల్లిపాయ ఘాటు, పైన గడ్డపెరుగు. కీర్తికి ఆ పూట అన్నం గుర్తే రాలేదు.

సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన మౌనేశ్ గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడ్డాడు. "ఇంట్ల కీర్తి లేదు. మా అమ్మ ఏమో, నీ పెండ్లాం పుట్టింటికి పోయింది అంటున్నది. పరేషాన్ అయిన. అత్తగారూ, చూసిపోదామని వచ్చిన."

"పంచమి అయ్యేదాక అల్లునికి పని లేదు ఈడ. రెండు ఉండలు దీస్కో, పో," అంది కృష్ణాబాయి. అతను ఉండలు రెండూ జేబులో వేసుకున్నాడు గానీ కదల్లేదు. కాసేపు ఉయ్యాల ఊపే పని ఇచ్చారు.

ఉయ్యాల కోటగోడ కనిపించేంత ఎత్తు లేస్తుండగా కీర్తి ఫోన్ మోగింది. వాళ్ళమ్మ.

"ఏం చేస్తున్నావే?"

"పుట్టింటికొచ్చానమ్మా."

"ఎక్కడికి? మేమిక్కడే ఉన్నాం కదే! మళ్ళీ బస్సెక్కావా? ఏమైందే? ఏవండోయ్, ఇలా రండి!"

కీర్తి నవ్వాపుకుంటూ మొదటి నుంచి అంతా చెప్పింది, సంచి, దువ్వెన, గొడుగు, ఆకుపచ్చ పట్టుచీర.  అంతా విన్నాక వాళ్ళమ్మ గొంతు మెత్తబడింది. "ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం, మాకీ సంగతే తెలియలేదు చూడు. ఆవిడకొకసారి ఫోనివ్వమ్మా."

కృష్ణాబాయి చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"వదినగారూ," అంది అటు నుంచి వాళ్ళమ్మ, "మా పిల్లని మీ పిల్ల అనుకున్నారు. ఏమిచ్చి మీ రుణం... వచ్చే ఏడాది మా అబ్బాయి గురుప్రసాద్‌ని తప్పకుండా పంపిస్తామండీ."

"పంపించు తల్లీ, పంపించు. గనీ ముందల ఈ ఇంటికి రమ్మను. బిడ్డను ఈడికెల్లే తోల్కపోవాలె, మా రొట్టె తిన్నంకనే." కృష్ణాబాయి సంచిలోంచి పన్నెండో రొట్టె తీసి ఫోన్ దగ్గర పెట్టి పటుక్కున విరిచింది. "విన్నవా? నీ బిడ్డ చేసింది."

"విన్నానండీ," అంది వాళ్ళమ్మ. "మా గేదెకు కూడా చెబుతాను."